తేదీ లేని ముత్తాత

గడియారాలు బాగుచేసే ఆ పెద్దమనిషికి ఆదివారం సెలవు. సెలవు దొరికితే ఎవరైనా చుట్టాలను చూడబోతారు. ఆయనా అందుకే బయలుదేరేవాడు. కాకపోతే ఆయన చుట్టాలందరూ శ్మశానంలో ఉండేవారు. కూర్చోమని మొహమాటపెట్టేవారు కాదు, ఎప్పుడొచ్చినా ఇంట్లోనే దొరికేవారు.

ఆరేళ్ళలో ముగ్గురు తాతలు, ఇద్దరు నాయనమ్మలు, ఒక మేనత్తగారు సమాధులు దొరికి, ఆయన వంశవివరాలు రాసుకునే రూళ్ళ పుస్తకంలోకి ఎక్కారు. చిక్కనివాడు ముత్తాత ఒక్కడే. ఆయన రాళ్ళు చెక్కేవాడు. ఊళ్ళో పోయినవాళ్ళందరి పేర్లూ ఆయన ఉలి కిందనుంచే వచ్చాయి. అంతటివాడికి సొంతానికి ఒక రాయి కనబడకపోయేసరికి ఇంట్లో తర్వాతి తరాలవాళ్ళ నోట కథ పుట్టింది: ముత్తాత చావలేదు, పెళ్ళాంపిల్లల్ని వదిలేసి సర్కస్ వాళ్ళ వెంట పోయాడని. ఆ కథకు ప్రస్తుత ధర్మకర్త గడియారాలాయన అక్క. తమ్ముడు భోజనానికి పది నిమిషాలు ఆలస్యమైతే చాలు, "సర్కస్ రక్తం ఎక్కడికి పోతుంది" అనేది. యాభై ఏళ్ళుగా ఆ మాట పడుతున్నవాడికి ఇది చరిత్ర పరిశోధన కాదు, పరువు దావా.

శ్మశానం గుమస్తా దగ్గర పెద్ద రిజిస్టరు ఉండేది. స్థలం నంబరు చెబితే మనిషి పేరు చెబుతాననీ, పేరు పట్టి నంబరు వెతకడం తన ఉద్యోగంలో లేదనీ ఆయన మొదటిరోజే తేల్చేశాడు. అందుచేత మన పరిశోధకుడు పళ్ళచక్రాలు తుడిచే చిన్న బ్రష్షు పట్టుకుని వరస వరసా తిరిగేవాడు. పుట్టిన ఏడు, పోయిన ఏడు రెండూ ఉన్న రాళ్ళకే నాచు గోకేవాడు. రెండోది లేని రాళ్ళ జోలికి పోయేవాడు కాదు. ముందుచూపు గలవాళ్ళు బతికుండగానే స్థలం కొని రాయి పాతించుకుంటారు కదా. ఇంకా రాని మనుషులను పలకరించడం మర్యాద కాదని ఆయన సిద్ధాంతం.

ఒక ఆదివారం అక్క తానూ వస్తానంది, తమ్ముడి పిచ్చి ఏ దశలో ఉందో చూడటానికి. తొమ్మిదో వరసకు వచ్చేసరికి మోకాళ్ళు మొరాయించి ఒక పొట్టి రాతి మీద కూలబడింది.

"లే అక్కా. అది ఎవరో బతికున్నవాళ్ళది."

అక్క వంగి కాళ్ళ దగ్గర చెక్కిన అంకెలు చూసింది. "దీని నాచు వయసు నా వయసంత ఉందిరా. పుట్టిన ఏడు చూశావా? ఈయన బతికే ఉంటే నూట నలభై దాటాయి. సర్కస్‌లో పెట్టి చూపించుకోవచ్చు."

గడియారాలాయన మోకాళ్ళ మీద కూర్చుని బ్రష్షు ఆడించాడు. నాచు కింద పేరు బయటపడింది. పేరు కింద, 'రాళ్ళు చెక్కువాడు'.

ఇప్పుడు స్థలం నంబరు తెలిసింది గనుక గుమస్తాకు ఉద్యోగం వచ్చింది. రిజిస్టరు తీసి గంభీరంగా చదివాడు: జ్వరంతో పోయారు, ఇక్కడే పాతిపెట్టారు. రాయి తనకు తానే ముందుగా చెక్కుకున్నారు. పోయిన తేదీ చెక్కుటకు ఊళ్ళో మరొక పనివాడు లేడు.

అక్క క్షమాపణకు సిద్ధపడింది. ఆ కుటుంబ చరిత్రలో అది అరుదైన ఘట్టం. ముందు చేతిరుమాలు తీసి తాను కూర్చున్న చోటు తుడిచింది. "తెలియక అన్నాను తాతయ్యా, మనసులో పెట్టుకోకు," అని చెప్పి, వంట ఉందంటూ ఇంటికి వెళ్ళింది. తమ్ముడు మాత్రం రాయంతా శుభ్రం చేసేదాకా కదల్లేదు. ఈలపాట కూడా పాడాడు. చుట్టుపక్కలవాళ్ళెవరూ అభ్యంతరం చెప్పలేదు.

ఇల్లు చేరేసరికి భోజనం వేళ దాటి గంటయింది. అలవాటు ప్రకారం తల వంచుకుని గుమ్మంలో నిలబడ్డాడు. అక్క "సర్కస్" అనబోయి ఆగింది.

"ఇకనుంచి నిన్ను ఏమని తిట్టాలిరా?" అంది, నిజంగానే దిగులుగా.

ఆలోచించి చెబుతానన్నాడు తమ్ముడు, కంచం ముందు కూర్చుంటూ.