తాళాలక్క రెండో చెవి

మా వీధి మొత్తానికి ఆవిడ తాళాలక్క. పిల్లల బట్టలు కుడుతుంది. కత్తెరల పెట్టె మొదలు పంచదార డబ్బా దాకా అన్నిటికీ తాళాలే. మొగుడు టీ పెట్టుకోవాలన్నా ఆవిడ పర్మిషన్ కావాల్సిందే. అలాంటి మనిషి ఆవేళ ఇంటి తలుపులు బార్లా వదిలేసి నా కంప్యూటర్ రిపేరు షాపులోకి పరిగెత్తుకొచ్చింది. వెనకాలే కంప్యూటర్ మోసుకుంటూ బావగారు, ఆయన చొక్కా పట్టుకుని పాప.

"ఒసేయ్, మా అక్క ఫొటోలు పోయాయే!"

వాళ్లక్క పోయేనాటికి ఆవిడ కూతురు ఈ పాప ఇంకా పాకుతోంది. అప్పట్నుంచీ పిన్నే పెంచుతోంది. కాగితం ఫొటోలు ఇంట్లోకి నీళ్లొచ్చినప్పుడు పాడైపోయాయి. మిగిలినవి కంప్యూటర్లో ఉంటే, చూసి తట్టుకోలేనని వాటికీ తాళం వేసింది మహాతల్లి. ఆ ఉదయం పాప మొదటిసారి అడిగిందట, "మా అమ్మ ఎలా ఉండేది పిన్నీ?" అని. సరే చూపిద్దామంటే ఒక్కటీ తెరుచుకోలేదు. ముందురోజే బావగారు, స్లోగా ఉందని, విండోస్ తుడిచేసి కొత్తగా వేశారు.

"ఎవర్నడిగి వేశారు బావగారూ?" అని ఇంతెత్తున లేచాను. నాకసలే నోరెక్కువ.

"ఫొటోలు వేరే డ్రైవులో ఉన్నాయిగా, వాటిని ముట్టుకోలేదుగా," అని నసిగారాయన.

పేర్లయితే కనిపిస్తున్నాయి. నొక్కితే మాత్రం 'అనుమతి లేదు'. ఫోల్డరు హక్కులన్నీ కొత్త అకౌంటుకి మార్చాను. ఊహూ! పాప స్కూలు కాగితాలదీ అదే వరస. అప్పుడు చూశాను, ప్రతి ఫైలు మీదా చిన్న తాళం బొమ్మ. ఆ తాళంచెవి పాత విండోస్‌లో ఉండేది, దాంతోపాటే పోయింది. కొత్తదానికి అదే పేరు, అదే పాస్‌వర్డ్ పెట్టినా ఈ ఫైళ్లకి అది పరాయిదే.

"అక్కా, తాళం వేసినప్పుడు చెవి కాపీ దాచుకోమని కంప్యూటర్ అడిగిందా?"

అక్క నన్ను ఎగాదిగా చూసింది. "అడగాలేమిటే? రెండో చెవి లేకుండా నేనెప్పుడైనా తాళం వేశానా? పెన్‌డ్రైవులో పెట్టి తోడికోడలికిచ్చాను. మా ఇంటి రెండో చెవులన్నీ ఆవిడ దగ్గరే. తాళమున్న ఇంట్లోనే చెవి కూడా దాస్తారా ఎవరైనా?"

"మరి ఇందాకట్నుంచీ చెప్పవేం!"

"ఈయన తుడిచేశానంటే ఫొటోలే పోయాయనుకున్నా!"

ఇద్దరం స్కూటరెక్కి ఉరికాం. తోడికోడలు పెద్ద డబ్బా తెచ్చి నేలమీద బోర్లించింది. "ఏది దేనిదో నాకేం తెలుసు, వెతుక్కోండి," అని తనూ కూర్చుంది. చెవుల గుట్టలోంచి పెన్‌డ్రైవు దొరగ్గానే అక్క నన్ను వాటేసుకుంది.

షాపుకొచ్చి పెడితే పాస్‌వర్డ్ అడిగింది. "అందరూ అటు తిరగండి," అంది అక్క. బావగారు కూడా తిరగాల్సొచ్చింది. టకటకా కొట్టింది. ఫొటో నొక్కాను.

"వచ్చేసింది!" నా కేకకి పక్క షాపువాళ్లు లేచి వచ్చారు.

తెర నిండా పకపకా నవ్వుతున్న మనిషి, చంకలో పసిపిల్ల. తాళాలక్క తన చేతుల్లో మొహం దాచేసుకుంది. పాప కుర్చీ ఎక్కి, తెర దగ్గరికంటా వంగి, చాలాసేపు చూసింది. ఉన్నట్టుండి పిన్నిని పట్టుకుని కుదిపేసింది.

"పిన్నీ, చూడవే! అమ్మకి అచ్చం నా ముక్కే!"

అక్క మెల్లిగా చేతులు తీసి, తలెత్తి, వాళ్లక్కని చూసింది. కళ్లూ ముక్కూ కారిపోతున్నాయి.

"అవునే తల్లీ, నీ ముక్కే," అంది. తర్వాత నా భుజం తట్టింది. "ఇంకోటి తియ్యవే."