నేను కలిపిన వచనం

ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం ఎంత పొడుగంటే, ఈ చివర మా అమ్మకి నొప్పులు మొదలైతే ఆ చివరికి నడిచేసరికి నేను పుట్టడం, బాప్తిస్మం అయిపోవడం, పాలపళ్ళు రావడం కూడా జరిగిపోయాయని చిన్నప్పుడు బళ్ళో చెప్పాను. ఇద్దరు నమ్మారు. ఆ ఇద్దరి వల్లే నాకీ అలవాటు ముదిరింది. ఇప్పుడు నాకు యాభై రెండు. ఈ ఊళ్ళోనే ఝపటాపూర్‌లో బట్టలు కుట్టే చిన్న కొట్టు నాది. మిషను తొక్కుతున్నంతసేపూ నోరు ఊరుకోదు. జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చిన బెంగాలీ దీదీలు కూడా పని అయిపోయాక కాసేపు కూర్చునే వెళ్తారు. మా తెలుగు చర్చిలో నేను సాక్ష్యం చెప్పడానికి లేస్తే, "అమ్మా, జరిగింది మాత్రమే" అని పాస్టరు అయ్యగారు ముందే అనేస్తారు.

ఇది మాత్రం జరిగిందే. ఇందులో నాకు పరువు దక్కే చోటు ఒక్కటీ లేదు కాబట్టి నమ్మవచ్చు.

మా మేనత్త నా కొట్టు వెనక గదిలో ఉంటుంది. డెబ్బై దాటాయి. మామయ్య రైలు డ్రైవరు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. అత్తకి రోజూ రెండు పనులు తప్పవు. అన్నానికి బియ్యం కొలిచాక అందులోంచి ఒక గుప్పెడు తీసి, విడిగా ఉంచిన రేకు డబ్బాలో వేయడం మొదటిది. ఆదివారం ఆ గుప్పెళ్ళన్నీ సంచిలో పోసి చర్చికి పట్టుకెళ్తుంది. మా తాతలు రైల్వే పనికి ఇక్కడికి వచ్చినప్పుడు వెంట తెచ్చుకున్న పద్ధతి అది. ఇప్పటికీ మా ఆడవాళ్ళెవరూ మానలేదు. రెండో పని, సాయంత్రం బైబిలు చదవడం.

అత్తకి ఎడమ కన్ను ఎప్పుడో పోయింది. శుక్లం ముదిరేదాకా ఊరుకుంది, చూపించేసరికి ఆలస్యమైంది. కుడి కంటితోనే భూతద్దం పట్టుకుని నెట్టుకొచ్చేది. పోయిన ఏడాది ఒక ఆదివారం, చర్చిలో బియ్యం సంచులు కలిపేవాళ్ళకి అత్త సంచిలో సగం దాకా కల్లుప్పు కనపడింది. పక్కపక్కనే ఉన్న ఆ బియ్యం డబ్బా, ఉప్పు డబ్బాల్లో దేనిలో చెయ్యి పెడుతోందో ఆమెకి తెలియడం లేదు. ఇంటికొచ్చి మంచం మీద కూర్చుని ఏడ్చింది.

"కళ్ళు పోతే పోనాయి. దేవుడి డబ్బాలో ఉప్పు ఏసినానే, అదీ నా బాద."

"ఆయనకీ కూరలో ఉప్పు కావాలి కదత్తా," అన్నాను.

"నోరు ముయ్యి," అంది. నవ్వు మాత్రం వచ్చింది.

మర్నాడే ఆటో ఎక్కించి ఇందా పేటలో కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన దీపం పెట్టి చూసి, పొర బాగా ముదిరిందన్నాడు. ఇంకొన్నాళ్ళు ఊరుకుంటే ఇదీ ఎడమ కన్ను దారే పడుతుందన్నాడు. రెండు వారాల తర్వాత గురువారం రమ్మని కాగితం రాసిచ్చాడు. తిరిగి ఇంటికి వచ్చాం. ఆటో దిగాక అత్త, "మీ మావయ్యకి కూడా సిన్న ఆపరేసనే అన్నారు," అంది. మామయ్య ఆసుపత్రికి తన కాళ్ళ మీద నడిచి వెళ్ళాడు. తిరిగి వచ్చింది అలా కాదు.

ఆ రోజు నుంచి సాయంత్రం కొట్టు కట్టేశాక బైబిలు చదివి వినిపించే పని నాకు పడింది. ఏ పుస్తకం కావాలంటే ప్రకటన గ్రంథం కావాలంది. కడవరి దినాలు, బూరలు, గుర్రాలు, ఆకాశం నుంచి దిగొచ్చే పట్టణం. నాకది చిన్నప్పటి నుంచి భయం. అత్తకి ఏ భయమూ లేదు. మామయ్యకి డ్యూటీ పడితే పిలవడానికి కాల్‌మేన్ పుస్తకం పట్టుకుని వచ్చి తలుపు తట్టేవాడు. ఏ వేళైనా సంతకం పెట్టి బయల్దేరాల్సిందే.

"అలాగని మీ మావయ్య గుమ్మంలో పెట్టె ఎట్టుకుని కూకునీవోడేటి? తినీవోడు, పడుకునీవోడు, మేకకి ఆకులేసీవోడు. తలుపు తడితే లెగిసీవోడు. ప్రబువు రాకడ కూడా అంతేనే. నివ్వు సదువు," అనేది.

నేను చదివాను. రెండు రోజులు బుద్ధిగా చదివాను. మూడో రోజు నాలుగు గుర్రాల దగ్గరికి వచ్చాను. నా నోరు ఎలాంటిదో ముందే చెప్పాను కదా. తెల్లది, ఎర్రది, నల్లది, పాలిపోయినది అయ్యాక, గొంతు మార్చకుండా అయిదోదాన్ని దింపాను. అది మచ్చల గుర్రం. దాని మీద కూర్చున్నవాడి చేతిలో పంచ్ మిషను, చంకలో టిక్కెట్ల కట్ట.

అత్త తల పంకించింది. "మరి ఆ గుర్రానికి రిజర్వేసను ఉన్నాదేటి?"

అలా మొదలైంది ఆట. నేను కలపడం, ఆమె పట్టుకోవడం. ఒక రోజు వరస తప్పి ముందే ఆ పట్టణం తీశాను. దానికి పన్నెండు గుమ్మాలుంటాయి కదా, ఒక్కో గుమ్మానికి ఒక్కో గేట్‌మేన్ ఉంటాడని చదివాను. "ఆ గుమ్మాలు ఎప్పుడూ మూయరని రాసుంటాది. మూయని గేటుకి గేట్‌మేన్ ఎందుకే," అని నా నడ్డి మీద ఒకటి వేసింది. ఎంత తెలివిగా దూర్చినా పట్టేసేది. బైబిలు ఆమెకి కంఠతా వచ్చినట్టే. చూపు తగ్గాక ఆమె అంతగా నవ్వడం మళ్ళీ అప్పుడే చూశాను. దేవుడి మాటతో పరాచికాలేమిటని మీరు అడగవచ్చు. నన్ను నేనే అడిగాను. అత్త నవ్వుతుంటే ఆ ప్రశ్న వెనక్కి పోయేది.

గురువారానికి ఇంకా అయిదు రోజులుందనగా, ఒక సాయంత్రం ఆమె చేతులు చల్లగా ఉన్నాయి. ఆపరేషను మాట ఎత్తితే చాలు, కొంగు నోట్లో కుక్కుకుంటోంది. నేను కొత్త ఆకాశం, కొత్త భూమి దగ్గర ఉన్నాను. కళ్ళలోని ప్రతి కన్నీటి చుక్కనూ ఆయనే తుడిచేస్తాడని ఉంటుందక్కడ. అది చదివి తల ఎత్తి ఆమెని చూశాను. కుడి కంట్లో ఆ పొర, పాల మీద మీగడలా. నా నోటి నుంచి దానంతట అదే వచ్చేసింది: "మరియు ముసలివారి కంటిపొరలను సయితము ఆయనే తీసివేయును."

పట్టుకుంటుందని ఆగాను. పట్టుకోలేదు.

"అలగుందేటి?" అంది చాలా నెమ్మదిగా.

లేదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆమె చేతులు వెచ్చబడుతున్నాయి. నేను ఆ మాట అనకుండా తర్వాతి పేజీ తిప్పేశాను. అంతకు ముందు చెప్పినవన్నీ అల్లరికి చెప్పాను. ఇది జాలితో చెప్పాను. ఎక్కువ కీడు చేసింది ఇదే.

ఆ ఆదివారం చర్చిలో సాక్ష్యాల వేళ అత్త లేచి నిలబడింది. కొంగు తల మీదుగా సర్దుకుని, తను ఆపరేషనుకి వెళ్ళడం లేదని చెప్పింది. కంటిపొరలు కూడా ఆయనే తీస్తాడని వాక్యంలో రాసి ఉంది, ఆయన రాకడ దగ్గరలోనే ఉంది, మధ్యలో డాక్టరెందుకు అంది. సంఘమంతా ఆమెన్ అంది. ఒక్కరూ బైబిలు తిప్పి చూడలేదు. అయ్యగారు మాత్రం ఆమె వైపు కాక, నా వైపు చూశారు.

బయట చెప్పులు వేసుకుంటుంటే దగ్గరికి వచ్చి, "అమ్మా, ఆ వచనం నా బైబిల్లో దొరకలేదు. మీ బైబిల్లో ఉంటే ఒకసారి తెచ్చి చూపించండి," అన్నారు. ఆయన కోప్పడి ఉంటే ఏదో ఒకటి అల్లి చెప్పేదాన్ని. ఆయన కోప్పడలేదు. ఇంటికి నడుస్తున్నంతసేపూ అత్త నా చెయ్యి పట్టుకుని, గుంటలు వచ్చినప్పుడల్లా నేను చెప్పిన చోటే అడుగు వేసింది.

సోమవారం చెబుదామనుకున్నాను. చెప్పలేదు. మంగళవారం ఆఖరి అధ్యాయానికి వచ్చాం. జీవజలాల నది అయింది, చెట్లు అయ్యాయి. ఇంకో నాలుగు వచనాలు ఉన్నాయనగా చదవడం ఆపేశాను.

"ఏటి ఆగిపోనావు?" అంది అత్త.

"దాహం వేస్తోంది."

"నీలు తర్వాత తాగుదువు. అక్కడ ఏటుంటాదో నాకు తెలుసు. ఈ మాటలకి ఎవులైనా ఏటైనా కలిపితే, ఈ పుస్తకంలో ఉన్న తెగుల్లన్నీ ఆలకి కలుపుతాడని ఉంటాది. సదువు."

"అత్తా, నేను కలిపాను."

"తెల్సు. మచ్చల గుర్రం."

"అది కాదు. కంటిపొరలు."

అత్త లేచి గోడ పట్టుకుంటూ పొయ్యి దగ్గరికి వెళ్ళింది. గ్లాసుతో బియ్యం కొలిచింది. గుప్పెడు తీసింది. రెండు డబ్బాల ముందు ఆగి, వేళ్ళతో తడిమి, ఒకదానిలో చెయ్యి పెట్టి చూసుకుని, అప్పుడు వేసింది. మళ్ళీ వచ్చి కూర్చుంది.

"అది లేదేటి?"

"లేదత్తా."

"కన్నీల్లేనా?"

"కన్నీళ్ళే."

"గేట్‌మేన్‌ని పట్టినాను. గుర్రాన్ని పట్టినాను. ఇది ఎందుకు పట్నేకపోనాను?" నన్ను కాదు, తనని తానే అడుగుతోంది. "ఉండాలనిపించినాది. అందుకే."

ఆమె ఏడుస్తుందనుకున్నాను. నేను ఏడ్చాను. తిడితే బాగుండును. తిట్టలేదు. ఆపరేషను ఎల్లుండి. వస్తావా అని అడిగే మొహం నాకు లేదు. తలుపు వేసి కొట్లోకి వచ్చి కూర్చున్నాను. తెగుళ్ళ సంగతి నాకు పట్టలేదు. నా మాట మీద నమ్మకంతో ఆమె ఉన్న ఒక్క కన్నూ పోగొట్టుకుంటే, ఆ తర్వాత ఈ లోకంలో ఏ బూర మోగితే నాకేమిటి? ప్రభువు వచ్చి, నీకు అప్పగించిన ముసలామెని ఎలా చూసుకున్నావని అడిగితే ఏ కథ చెప్పను? అంత్య దినాల గురించి నాకు అంతకు ముందున్న భయాలన్నీ, చంద్రుడు రక్తమవడం, నక్షత్రాలు రాలడం, ఆ ఒక్క ప్రశ్న ముందు పిల్లల ఆటలయిపోయాయి.

బుధవారం పొద్దున్న మిషను దగ్గర ఉంటే అత్త కొట్లోకి వచ్చింది. చేతిలో సంచి. సంచిలో ఉతికిన చీర, తువ్వాలు, డాక్టరు కాగితం.

"రేపు ఆటోవోడికి ఎన్నింటికి సెప్పినావు?"

"నువ్వు వస్తావా అత్తా?"

"రాక? నివ్వు సదివితే ఏది ఆయనదో ఏది నీదో నాకు తెలవట్లేదు. నాకు నిజం కావాల. నా కంటితో నానే సదువుకుంటాను." సంచి బల్ల మీద పెట్టింది. "ఆయన వచ్చినపుడు వత్తాడు. అందాక ఒండాల కదా, తినాల కదా. పప్పులో రాల్లు ఏరడానికి నిన్ను నమ్ముకుంటే నా పల్లు కూడా పోతాయి."

"భయం లేదా?"

"ఎందుకు నేదు? ఉన్నాది. నివ్వు పక్కన కూకో. కతలు సెప్పకు."

గురువారం ఆసుపత్రిలో ఆకుపచ్చ గౌను తొడిగాక అత్త మొహం మరీ చిన్నదయిపోయింది. బెంగాలీ నర్సు ఆమె భుజం తట్టి, "మాసీమా, భొయ్ నేయ్," అంది. భయపడొద్దని. అత్త నా వేళ్ళు ఎంత గట్టిగా పట్టుకుందంటే... ఇక్కడ మామూలుగా అయితే నా వేళ్ళు రెండు విరిగాయని చెప్పేదాన్ని. విరగలేదు. తెల్లబడ్డాయి, అంతే. తలుపు మూసుకున్నాక బెంచీ మీద కూర్చుని ప్రార్థన చేశాను. నా జన్మలో అంత పొట్టి ప్రార్థన చేయలేదు. ఆమె కన్ను ఆమెకి ఇమ్మన్నాను. బదులుగా ఏదో చేస్తాననీ, మారిపోతాననీ అనలేదు. అవి కూడా కోతలే అవుతాయని భయం వేసింది.

మర్నాడు కట్టు విప్పారు. అత్త ముందు డాక్టరుని చూసింది, తర్వాత కిటికీని, తర్వాత నన్ను. చాలాసేపు చూసింది.

"ఇంత తల నెరిసిపోనాదేటే నీకు? నాతో సెప్పనేదు," అంది. నా జుట్టు చెవి వెనక్కి సర్దింది.

డాక్టరు చదవొచ్చన్న రోజున, కొత్త కళ్ళజోడు పెట్టుకుని, కొట్లో నా ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంది. మొదటి పేజీ నుంచి మొదలుపెట్టలేదు. నేరుగా కన్నీళ్ళ దగ్గరికి వెళ్ళింది. ఆ మాట మీద వేలు పెట్టి, వేలు నెమ్మదిగా ముందుకి జరిపింది. నేను మిషను ఆపేశాను.

"నేదు," అంది. గొంతులో కొంచెం దిగులు ఉంది. అంత జరిగాక కూడా ఎక్కడో ఒక మూల ఉంటుందేమోనని అనుకుందేమో. వేలు ఇంకొంచెం జరిగింది. ఆగింది.

"ఓలె, ఇటు సూడు. నొప్పి ఉండదని ఉన్నాది. సావు ఉండదు, ఏడుపు ఉండదు, నొప్పి ఉండదు. ఆ రోజు నివ్వు ఇది సదవనేదు."

నిజమే. నా మాట దూర్చిన కంగారులో పేజీ తిప్పేసి, ఆ పక్కనే ఉన్నదాన్ని మింగేశాను.

"నాకు కంఠతా వచ్చినదే. నీ మాట ఇన్నాక ఇది గురుతే రానేదు," అంది అత్త. "ఇందులో పొరలు కూడా ఉంటాయి కదే. నీ కన్ను, నా కన్ను, మీ మావయ్య ఆపరేసను, అన్నీ ఉంటాయి. ఇంత పెద్దది తీసేసి, అంత సిన్నది ఎట్టినావు నివ్వు."

నేను మిషను మీది జాకెట్టు ఒళ్ళోకి లాక్కున్నాను. ఆమె కళ్ళజోడు పైకి తోసుకుని, నా ఒళ్ళో ఉన్న జాకెట్టు వైపు చూసింది.

"దాని సేతులు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఎన్నాల్ల నుంచి ఇలగే కుట్టి ఇత్తన్నావు జనాలకి?"

బ్లేడు తీసుకుని కుట్లు విప్పడం మొదలుపెట్టాను. అత్త వేలు తీసిన చోటే మళ్ళీ పెట్టి, అక్కడి నుంచి ముందుకి చదువుకుంటూ పోయింది, ఒక్కో మాటా విడివిడిగా, నాకు వినపడేలా.