ముందు సీటు నిబంధన

మా బ్రేకు ఇన్‌స్పెక్టరుగారు గత శుక్రవారం తిరుచానూరులోని స్వగృహంలో కాలం చేశారు. మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు అన్నది ప్రభుత్వం పెట్టిన పేరు. చిత్తూరు జిల్లాలో ఆ పేరుతో పిలిస్తే ఆయన కూడా తిరిగి చూసేవారు కాదు. జీవించి ఉండగా ఆయనను తప్పించుకుని తిరిగిన లారీ ఓనర్లే అంతిమయాత్రకు బండి పంపుతామని పోటీపడ్డారు. ఇంటివారు ఒక్క బండికి ఒప్పుకున్నారు. అందులో జనం ఎక్కువయ్యారని తోచి, ఎవరూ చెప్పకుండానే కొందరు దిగి వెనుక నడిచారని నమోదు చేయడం నా విధి.

ఆయన కింద నేను గుమాస్తాగా పనిచేశాను. పని అంటే ఆయన రాయమన్నది రాయడం, వద్దన్నది మరిచిపోవడం. బండి ఆగగానే ఆయన చక్రం దగ్గర వంగి, పిల్లవాడి నుదురు చూసినట్టు బ్రేకు డ్రమ్ము మీద అరచేతి వెనుకభాగం ఆనించేవారు. ఆ తరువాతే కాగితాలు అడిగేవారు.

లారీ వెనుక ట్రైలరు తగిలించే ఓనర్లకు ఆయన ఓపికగా చెప్పిన పాఠం ఒకటుంది. లారీ ఎంత మోయవచ్చునో దాని ఆర్సీ బుక్కులో ఉంటుంది. ట్రైలరు ఎంత మోయవచ్చునో దాని బుక్కులో ఉంటుంది. రెండూ తగిలించినప్పుడు మొత్తం ఎంతకు మించరాదన్నది మూడో లెక్క. లాగేదీ ఆపేదీ ఒక్క లారీయే గనుక, అది మొదటి రెండూ కూడితే వచ్చేదానికన్నా తక్కువగా ఉండేది. ఈ మూడో లెక్కను ఓనర్లెవరూ నమ్మలేదు.

"రెండు బుక్కులూ సరిగ్గానే ఉండాయి గదా సార్" అనేవారు.

"ఇద్దరు నెమ్మదస్తులకు పెండ్లి చేస్తే కాపురం నెమ్మదిగా సాగతాదని రాసిస్తావాప్పా?" అని ఆయన అడిగేవారు. పెండ్లయిన ఓనరెవరూ ఆ ప్రశ్నకు జవాబు చెప్పగా నేను వినలేదు.

జరిమానాల మీద ఆయనకు నమ్మకం లేదు. "చలానా రాస్తే ఓనరుకు రసీదు వస్తాదిగానీ, బండికి బ్రేకులు రావు" అనేవారు. అందుచేత పలమనేరు నుంచి వచ్చే బండ్లు చిత్తూరు వైపు దిగే మొగిలి ఘాటు పైభాగాన ఒక నిబంధనను అమలుపరిచారు. అది ఏ రాజపత్రంలోనూ ప్రచురితం కాలేదు. మితి మించిన బండి వస్తే, ఓనరుకు డ్రైవరు పక్కనున్న ముందు సీటు చూపి, "నువ్వూ కూసో. కిందికి దిగినాక మాట్లాడుకుందాం" అనేవారు. తక్షణమే ఓనర్లకు కోర్టు వాయిదాలు గుర్తుకు వచ్చేవి. వారి అత్తగార్లకు ప్రాణం మీదికి వచ్చేది. కాసేపట్లో మరో లారీ వచ్చి సగం సరుకు తీసుకునేది. ఎవరూ ఒప్పుకోలేదు గనుక నిబంధన ఎన్నడూ విఫలం కాలేదు.

చివరికి ఒప్పుకున్నవాడు ఒకే ఒక్కడు, ఒక బెల్లం వ్యాపారి.

లారీ నిండా, ట్రైలరు నిండా మూటలు. తుంపర మొదలైంది. టార్పాలిను ట్రైలరులో సగానికే చాలింది. త్వరగా చిత్తూరు మండీ చేరకపోతే బెల్లం పాకమవుతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, టీ బంకు దగ్గర మరో ఇద్దరు ఓనర్లు, వాళ్ల డ్రైవర్లు గ్లాసులు పట్టుకుని చూస్తున్నారు. వ్యాపారి అటు ఒకసారి చూసి, పంచె ఎగగట్టి, ముందు సీటులో కూర్చున్నాడు.

"ఎక్కినాను సార్. ఇంగ పోనీమనండి."

నిబంధనలో దీని తరువాతి అంచె లేదు.

"మాటంటే మాటే గదా సార్" అన్నాడు బంకు దగ్గరి ఓనరు ఒకడు.

డ్రైవరు స్టీరింగు పట్టుకుని ఎదుటి మలుపునే చూస్తున్నాడు. రోడ్డు తడిసి నల్లగా మెరుస్తోంది. ఘాటు కింద ఆ రోజు సంత. బండిని ఆపే అధికారం ఇన్‌స్పెక్టరుగారికి ఉంది. ఆపితే మాట పోతుంది. ఆయన టోపీ తీసి నాకిచ్చి, తామూ ఎక్కి వ్యాపారి పక్కన సర్దుకున్నారు. ఆయనది తేలికైన శరీరం కాదు. మితి మరికొంత మించిందని నాకు తోచింది గానీ రాయలేదు.

"మీరెందుకు సార్?" అన్నాడు వ్యాపారి, గొంతు తగ్గించి.

"నీకు తోడు."

"దిగండి సార్."

"నువ్వు దిగు, నేనూ దిగతా."

ఎవరూ దిగలేదు. డ్రైవరు గేరు వేశాడు. లారీ బారెడు కదిలింది. వెనుక నుంచి ట్రైలరు తోసింది. ఇనుము ఇనుమును గుద్దిన చప్పుడుకు బంకు దగ్గరివాళ్లు రెండడుగులు వెనక్కి వేశారు. డ్రైవరు బ్రేకు మీద నిలబడినంత పని చేసి బండి ఆపాడు. ఇంజను కట్టేశాడు. దిగి, చక్రాల కింద రాళ్లు పెట్టి, నా దగ్గరికి వచ్చి అగ్గిపెట్టె అడిగాడు.

"యాడికిరా?" అన్నాడు వ్యాపారి లోపలి నుంచి.

"మీరిద్దరూ పొయ్యి రాండన్నా. నేను బస్సులో వస్తా."

"పని వద్దా నీకు?"

"వద్దన్నా. పిలకాయలుండారు."

వ్యాపారి బంకు వైపు తల తిప్పాడు. "ఏమబ్బా, ఎవురన్నా తోలతారా?" అక్కడి డ్రైవర్లిద్దరూ ఖాళీ గ్లాసుల్లోకి చూసుకున్నారు. స్టీరింగు దగ్గర ఎవరూ లేని లారీలో పెద్దమనుషులిద్దరు కూర్చుని ఉన్నారు. ఆ సమయాన జిల్లాలోకెల్లా సురక్షితమైన లారీ అదేనని నా అభిప్రాయం.

ముందు దిగింది ఇన్‌స్పెక్టరుగారే. నేరుగా డ్రైవరు దగ్గరికి వెళ్లారు.

"ముందు నిన్ను అడగాల్సింది" అన్నారు.

"అడిగినా పోతాననే చెప్పేవాణ్ణి సార్. ఓనరు పక్కనే ఉండాడు గదా."

ఆయన నా చేతిలోని టోపీ తీసుకుని పెట్టుకున్నారు. తరువాత వ్యాపారితో, "ఈయప్పను పనిలోంచి తీసేసినావంటే, నీ బండి ఘాటెక్కినప్పుడల్లా నేనీడే ఉంటా" అన్నారు. డ్రైవరు పని పోలేదు.

ఆ తరువాత ముందు సీటు నిబంధన రద్దయింది. ఏ బండి వచ్చినా ఆయన ఓనరును టీకి పంపి, డ్రైవరును ఒంటరిగా అడిగేవారు. డ్రైవరు భయమన్న బండి కదిలేది కాదు. ఎవరు చెప్పారని ఓనరు అడిగితే, "నేనే. నాకు నచ్చలే" అనేవారు. అకారణంగా బండ్లు ఆపే మొండివాడన్న పేరు జిల్లా అంతటా స్థిరపడింది. ఆ పేరును ఖండించే అవకాశం ఎన్నోసార్లు వచ్చినా ఆయన వినియోగించుకోలేదు. ఎవరు చెప్పారన్న ప్రశ్నకు అసలు జవాబు తెలిసినవారు ఆయన, డ్రైవర్లు, నేను. డ్రైవర్లు చెప్పలేరు గనుక నేను చెబుతున్నాను.

ఆనాడు ట్రైలరును ఘాటు పైనే విడదీశారు. ఆ డ్రైవరే తోలగా లారీ తన వంతు బరువుతో దిగింది. మిగిలిన బెల్లం తడవకుండా ఇన్‌స్పెక్టరుగారు మా జీపు మీది గుడ్డ పైకప్పు విప్పించి మూటల మీద కప్పించారు. ప్రభుత్వ ఆస్తిని బెల్లానికి కప్పే అధికారం ఏ సెక్షను కింద వచ్చిందో నేను అడగలేదు. పైకప్పు లేని జీపులో ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, తుంపరకు తడుస్తూ కూర్చున్నారు. కింద ఒక్కో మలుపులో లారీ హారను మోగుతూ చిన్నదైపోయింది. నాకు ఇక వినిపించకపోయిన తరువాత కూడా, ఆయన చెయ్యి చెవి దగ్గరే ఉంది.