తాడు బండికి జంట పాసు

జనవరి ఒకటో తారీఖుకి మా నేస్తానికి అరవై ఏళ్ళు నిండాయి. ఈ మాట ఆమె అనదు, ఆధార్ కార్డు అంటుంది. ఈ కొండల్లో ఆమె ఈడు ఆడవాళ్ళను పదిమందిని నిలబెట్టి కార్డులు చూస్తే తొమ్మిదిమంది జనవరి ఒకటినే పుట్టి ఉంటారు. కార్డులు రాసేవాళ్ళు ఊళ్ళోకి వచ్చి "ఎప్పుడు పుట్టావమ్మా?" అని అడిగితే మా నేస్తం, "రైలు సొరంగాలకి కొండలు పేలుస్తన్నప్పుడు" అని చెప్పిందట. అలాంటి సమాధానం రాసుకోవడానికి కాగితంలో చోటుండదు. జనవరి ఒకటి వేసి, ఏదో ఒక సంవత్సరం తగిలించి వెళ్ళిపోయారు.

నాకిది ఎప్పటికీ మింగుడుపడదు. పిల్లలు పుట్టిన గంటే కాదు, గ్యాస్ బండ మార్చిన రోజు కూడా క్యాలెండరు మీద రాసుకునే మనిషిని నేను. వాళ్ళమ్మ బతికి ఉండగా కూర్చోబెట్టి అడిగాను. చోళ్ళ చేను కోతకొచ్చిందంది, మంచు పడుతోందంది, తనకి నొప్పులొచ్చిన రోజే పక్క ఊళ్ళో దేవర పండగంది. అన్నీ కలిపి లెక్కగడితే నేస్తం పుట్టింది కార్తీకంలో అని తేలింది. అంటే కార్డులో ఉన్నదానికంటే ఆమె పది నెలలు చిన్నది. ఈ సంగతి సంబరంగా చెప్పబోతే, "ఆ పది నెలలూ దాసుకోని ఏటి సేసుకుంటాను, నేస్తమా?" అని నవ్వేసింది.

నేస్తం అంటే ఊరికే స్నేహితురాలు కాదు. మైదానం నుంచి పెళ్ళయి ఈ లోయకొచ్చి, కిరాణా కొట్టులో కూర్చున్నదాన్ని నేను. ఆమె కొండ మీద నుంచి మిరియాలు దించుకొచ్చేది. ముప్పై ఎనిమిదేళ్ళ కిందట పసుపు కుంకుమలూ చీరలూ మార్చుకుని నేస్తం కట్టుకున్నాం. కట్టుకున్నాక ఒకరినొకరు పేరుపెట్టి పిలవకూడదు, చావుబతుకుల్లో ఒకరి మాట ఒకరు కాదనకూడదు. అందుకే మొన్న డిసెంబరు ఆఖరి వారంలో ఆమె కొట్టు మెట్ల మీద కూర్చుని, "నానోసారి ఆ తాడు బండి ఎక్కాల" అన్నప్పుడు నేను కాదనలేకపోయాను.

తాడు బండి అని ఆమె పెట్టిన పేరే. టౌనుకి కాస్త దూరంలో రెండేళ్ళ కిందట ఒక పార్కు పెట్టారు. ఊయలలు, గాల్లో సైకిలు, ఇంకా ఏవేవో ఉన్నాయి. అన్నిటికంటే జనం ఎగబడేది జిప్‌లైనుకి. ఈ కొండ మీద నుంచి ఎదుటి కొండకి రెండు ఇనుప తాళ్ళు పక్కపక్కనే కట్టారు. నడుముకి పట్టీలు బిగించి వదిలితే మనిషి లోయ మీదుగా జారిపోతాడు. ఆ తాళ్ళ కింద సరిగ్గా మా నేస్తం కాఫీ తోట ఉంది. రెండేళ్ళుగా ఆమె తలవంచుకుని పండు కోస్తుంటే నెత్తిమీద మనుషులు కేకలేసుకుంటూ ఎగిరిపోతున్నారు. ఒకసారి టోపీ పడింది, ఒకసారి ఎడమకాలి చెప్పు పడింది. నల్ల కళ్ళద్దాలు పడితే ఆమె కోడలు పెట్టుకుంది.

"అంతలేసి కేకలేత్తారు కదా, ఏటి కనిపిత్తాదో నానూ సూడాల. నా తోట నానెప్పుడూ కిందనుంచే సూసినాను" అంది.

"చూడు, ఎవరొద్దన్నారు?"

"అరవై నిండితే ఎక్కనివ్వరంట. బోర్డు ఎట్టినారంట. మా గుంట సదివి సెప్పింది." గుంట అంటే ఇక్కడ ఆడపిల్ల; ఆమె అన్నది కూతుర్ని.

ఆ రోజు డిసెంబరు ఇరవై తొమ్మిది. కార్డు ప్రకారం ఆమె దగ్గర ఇంకా రెండు రోజులున్నాయి. పది నెలలుండాలి కదా అని నాకు కడుపు మండింది. పార్కు వాళ్ళకి కార్తీకం లెక్క చెప్పి ఒప్పించగలనా అని కూడా ఒక క్షణం ఆలోచించాను. ముప్పయ్యో తారీఖున ఆమెకి సంత, నాకు కొట్టు. చివరికి ముప్పై ఒకటిన బయలుదేరాం.

ఏడాది చివరి రోజున మా లోయకి రాకూడదు. విశాఖపట్నమంతా ఇక్కడే ఉంటుంది. అది చాలదన్నట్టు ఆ రోజు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకి సగం ధర పెట్టారు. జిప్‌లైను వరుస వెదురు కటకటాల మధ్య మూడు మెలికలు తిరిగి, ఊయలల దాకా వచ్చేసింది. నేను ఒక పక్కన నిలబడి గమనించాను. ఒక్కో విడతకి ఇద్దరు. పట్టీలు బిగించి, వదిలి, మళ్ళీ తాడు ఖాళీ అయ్యేసరికి నాలుగు నిమిషాలు. వరుసలో ఉన్న తలలతో లెక్కగడితే మా వంతు ఆరు దాటాక వస్తుంది. ఈ రోజుల్లో నాలుగున్నరకే మంచు దిగుతుంది. మంచు దిగితే తాడు ఆపేస్తారు.

టికెట్ల కిటికీ పక్కన పసుపు అక్షరాల బోర్డు ఉంది: ఫాస్ట్ పాస్, వరుసలో నిలబడకుండా నేరుగా. డబ్బిచ్చి నలుగురి ముందుకి దూరడం నాకు నచ్చే పని కాదు. మా కొట్టు దగ్గర ఎవరైనా అలా చేస్తే బియ్యం చివర్న తూస్తాను. కానీ జనవరి ఒకటి నా మాట వినేలా లేదు. వెళ్ళి ఒక పాసు అడిగాను.

"జంటకే ఇస్తామండీ. మీ వయసెంత?" అంది కిటికీలోని అమ్మాయి.

"డెబ్భై ఒకటీ అయిదు నెలలు."

ఆ అమ్మాయి నన్ను జాలిగా చూసింది. "మీరు ఎక్కడానికి లేదు మామ్మగారూ. తోడుగా పైదాకా వెళ్ళొచ్చు." ఇద్దరి చేతులకీ పసుపు పట్టీలు అంటించింది. సగం వృథా అని తెలిసే కొన్నాను.

పాసుల వాళ్ళకి వేరే దారి, మామూలు వరుసని ఆనుకునే పైదాకా వెళ్తుంది. మధ్యలో నడుమెత్తు వెదురు కంచె. మనుషులు తక్కువ, దారి ఖాళీ. పది నిమిషాల్లో పైకి చేరిపోతాం అనుకున్నాను. నేను మర్చిపోయిన సంగతి ఒకటుంది. సగం ధర పెట్టిన పుణ్యమా అని మామూలు వరుసలో సగం మంది మా నేస్తం కొండవాళ్ళే.

కొండదారిలో తెలిసిన మనిషి ఎదురైతే వాళ్ళు పలకరించకుండా దాటరు. పలకరించడమంటే తలూపడం కాదు. ఆగాలి, నెత్తిమీది బరువు దించాలి, తిన్నావా అనాలి, ఇంట్లో వాళ్ళని ఒక్కొక్కరినీ అడగాలి, అవతలివాళ్ళు అడిగినదానికి అంతే నిదానంగా చెప్పాలి. మామూలు వరుసలో నిలబడి ఉంటే ముందొకరూ వెనకొకరూ, ఇద్దరితో సరిపోయేది. నేను డబ్బు పెట్టి ఆమెని మొత్తం వరుస పక్కనుంచి నడిపించాను.

"ఏటి పిన్నీ, మోకాలు నొప్పి తగ్గినాదా?"

"తగ్గలేదే గుంటా. పండు తెంపడం అయినాదా?"

"మూల చెట్లు మిగిలినాయి. సిన్నాన్న ఎలాగున్నాడు? మేకలో?"

మేకలకి కూడా విడివిడిగా కబుర్లుంటాయని నాకు ఆ రోజే తెలిసింది. నాలుగడుగులు వేస్తే ఇంకొకరు. నేను చెయ్యి పట్టి లాగితే, "ఆగు నేస్తమా, మొకం సూసీసినాది" అంటుంది. మా వెనక పసుపు పట్టీల వాళ్ళు పోగయ్యారు. చంటిపిల్లని భుజాన వేసుకున్న ఒకాయన గట్టిగానే అన్నాడు.

"ఏమండీ, ఇది ఫాస్ట్ లైనండీ!"

"అందుకే బాబూ, బేగి బేగి మాటాడతన్నాను" అంది మా నేస్తం.

అబద్ధం కాదు. ఆమె మామూలుగా పలకరించే తీరు నాకు తెలుసు కాబట్టి ఒప్పుకోవాలి, ఆ రోజు చాలా కుదించింది. అయినా మేము లోపలికొచ్చేటప్పుడు మామూలు వరుసలో నా భుజం పక్కన ఉన్న ఎర్ర స్వెట్టరు అమ్మాయి కాసేపటికి మాకంటే పై మెలికలో కనిపించింది. వరుస తప్పించుకోవడానికి కొన్న పాసుతో వరుసకంటే వెనకబడ్డవాళ్ళు ఆ పార్కులో మేమే అయి ఉంటాం. విసుగు పుట్టి కంచె కిందనుంచి మామూలు వరుసలోకి దూరేద్దామన్నాను. నేస్తం వినిపించుకోలేదు. ఆమె చూపు పైన ఎక్కడో నిలిచిపోయి ఉంది. నడక కూడా ఆగిపోయింది.

"ఏమైంది?"

"మా వియ్యపురాలు."

వరుస మొదటికి కొంచెం ఇవతల, ఆకుపచ్చ చీర, చేతిలో గొడుగు. నేస్తం కూతుర్ని ఆ ఇంటికే ఇచ్చారు. ఆవిడ మమ్మల్ని చాలాసేపటి కిందటే చూసినట్టుంది, అందుకే చూడనట్టు నిలబడింది.

"పద, పలకరించి వెళ్దాం."

"పలకరిత్తాను. దాటి ఎలాగెల్తాను? పిల్లనిచ్చినోల్లం, ఆల్ల ముందు నడవం. డబ్బులెట్టి ఆవిడ ముందునుంచి ఎల్లిపోయినానంటే మా గుంట ఆ ఇంట్లో పదేళ్ళు ఇనాల."

లోయ అవతలి అంచున మంచు అప్పటికే దూదిలా కదులుతోంది. నాలుగుంపావు అయింది. నేను ఆమెని ముందుకి తోస్తే, ఆమె కంచె పట్టుకుని నిలబడిపోయింది. అప్పుడు వియ్యపురాలే ఇటు తిరిగింది.

"ఎల్లు వదినా, ఎల్లు. పాసు కొన్నావు కదా. మాలాటోల్లం ఎలాగూ నిలబడతాం."

"నాను కొనలేదు వదినా, మా నేస్తం కొన్నాది. నువ్వూ ఈ దినమే వచ్చినావేటి?"

"రేపు నాకు అరవై నిండుతాయి కదా."

"నాకూ రేపే."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పెళ్ళిచూపుల్లో కూడా ఇంత శ్రద్ధగా చూసుకుని ఉండరు. నేను నా చేతికున్న పసుపు పట్టీని గోటితో నెమ్మదిగా, చిరక్కుండా ఊడదీశాను. ఆవిడ చెయ్యి అందుకుని అంటించబోయాను.

"నాకొద్దమ్మా. ఇంకోల్లు కట్టిన డబ్బుతో నానెక్కను."

"నా డబ్బు నా వయసు వల్ల వృథా అవుతోంది. నువ్వు ఎక్కితే అది వృథా కాదు. నాకు వృథా అంటే నచ్చదు" అన్నాను.

ఆవిడ మంచు వైపు చూసింది, ముందున్న తలల వైపు చూసింది. మర్యాదకి ఇంకోసారి వద్దంది. తరవాత పట్టీ అంటించుకుని, గొడుగు నా చేతికిచ్చి, చీర ఎగదోపుకుని, కంచె కిందనుంచి ఇవతలికొచ్చింది. రావడం వచ్చింది గానీ ఇప్పుడు ఎవరు ముందు నడవాలి? "నువ్వెల్లు వదినా." "అయ్యో, నువ్వెల్లు." దారి ఒక మనిషి పట్టేంతే ఉంది. చివరికి వియ్యపురాల్ని ముందు పెట్టి, నేస్తాన్ని మధ్యలో పెట్టి, వెనకనుంచి నేను గొడుగుతో తోలుకొచ్చాను.

పైన పట్టీలు బిగించే అతను కార్డులు చూశాడు. ఒకటి చూసి, రెండోది చూసి, మళ్ళీ మొదటిది చూశాడు.

"ఇద్దరూ కవలలా?"

"వియ్యపురాల్లం బాబూ."

"ఇద్దరిదీ జనవరి ఒకటేంటమ్మా?"

"ఆ దినం ఊళ్ళకి ఊళ్ళే పుట్టినాయి" అంది మా నేస్తం. "నువ్వు బేగి కట్టు, మంచొత్తాది."

అతను లోయలోకి చూసి, చేతిలోని వాకీటాకీలో ఏదో అడిగి, ఇదే ఆఖరి విడత అన్నాడు. వెనక పసుపు పట్టీల వాళ్ళు గొల్లుమన్నారు. చంటిపిల్ల తండ్రి మా వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. ఆయన కోపంలో తప్పేమీ లేదు. దారి పొడుగునా అడ్డంగా నిలబడి మేకల క్షేమం కనుక్కున్నది మేమే.

రెండు తాళ్ళూ పక్కపక్కనే ఉండబట్టి ముందెవరన్న గొడవ అక్కడ లేకపోయింది. ఒకేసారి వదిలారు. వియ్యపురాలు వదలకముందే అరిచింది. మా నేస్తం నోరు మూసుకునే వెళ్ళింది. చీర కుచ్చెళ్ళు గాలికి కొట్టుకుంటూ, కాళ్ళు రెండూ ముందుకి చాపి, అరుగు మీద కూర్చున్నట్టే వెళ్ళింది. లావుగా ఉన్నవాళ్ళు వేగంగా జారతారట. వియ్యపురాలు ముందు, మా నేస్తం వెనక. మగపెళ్ళివారి మర్యాదకి తాడు కూడా లోటు చెయ్యలేదు. తోట మీదికొచ్చేసరికి నేస్తం గొంతు ఒక్కసారి గట్టిగా వినిపించింది. మాటలు అర్థం కాలేదు. తరవాత మంచు ఇద్దర్నీ కమ్మేసింది.

జీపులో తిరిగొచ్చారు. వియ్యపురాలు కళ్ళు మూసుకునే వెళ్ళానని ఒప్పుకోలేదు. కొండలు, రైలు పట్టాలు, ఆఖరికి సముద్రం కూడా చూశానంది. ఇక్కణ్ణించి సముద్రం కనబడదని నేను చెప్పబోతే నేస్తం నా చెయ్యి గిల్లింది. ఆవిడ గొడుగు తీసుకుని వెళ్ళిపోయాక అడిగాను.

"నీకేం కనిపించింది?"

"మూల చెట్టు" అంది. "గట్టు పక్కది. ఎర్రగా పండిపోయి ఉన్నాది నేస్తమా, ఒక్క కాయా తెంపలేదు! కిందనుంచి ఆకులడ్డం, తెలీనే తెలీదు. మా కోడలు దాని పక్కనే ఉన్నాది. 'నీ ఎనకాలే సూడే' అనీసి కేకేసినాను."

నేరుగా తోటకి దిగాం. కోడలు గోనెసంచి మూతి కడుతోంది.

"నాను పైనుంచి అరిసినాను కదే, ఇనపడలేదా?"

"ఇనపడినాది అత్తా. ఎవరో టూరిస్టనుకున్నాను."

"అత్త గొంతు గుర్తు పట్టలేదేటి?"

"పైనుంచి అరిసేవోల్లని ఎవులు సూత్తారు? రోజూ అరుత్తారు కదా. తలెత్తితే పనవ్వదని నువ్వే తిట్టినావు."

మా నేస్తం తాళ్ళ వైపు తలెత్తి చూసింది. అక్కడ మంచు తప్ప ఏమీ లేదు.

"పోనీ మరోపాలి ఎక్కు అత్తా, ఈసారి సూత్తాను."

"రేపటికి నాకు అరవై నిండిపోతాయే" అంది నేస్తం.

తరవాత గట్టు పక్కనున్న చెట్టు దగ్గరికి నడిచింది. నిజంగానే లోపలి కొమ్మలన్నీ ఎర్రగా ఉన్నాయి. కార్డు ప్రకారం అరవై రావడానికి ఇంకా ఏడు గంటల పైమాటే ఉంది, వెలుతురు మాత్రం అరగంటకి మించి లేదు. ఆమె ఒక కొమ్మ వంచి పట్టుకుంది, నేను ఇంకో కొమ్మ అందుకున్నాను.