గంటమ్మ చదివిన తీర్పు

మా పిన్నికి ఏ కాగితం కనిపించినా పైకి చదవాలి. మందు సీసా మీద చీటీ, బస్సు టికెట్ వెనక నిబంధనలు, ఎండలో ఆరేయకూడదని చొక్కా కాలరుకు కుట్టిన గుడ్డముక్క, ఏదీ వదలదు. మేం అద్దెకు దిగిన రోజున ఒప్పందం మొత్తం ఇంటి ఓనరుకే చదివి వినిపించింది. తన కాగితంలో ఏముందో ఆయనకు అప్పుడే తెలిసి, పాపం, రెండు షరతులు తనే కొట్టేశాడు. పిన్ని లాయరు. కోర్టులో ఆవిడ అసలు పేరు ఎవరికీ పట్టదు. ఆ గొంతుకి అందరూ గంటమ్మ అంటారు. వరండా ఈ చివర ఆవిడ చదివితే ఆ చివర బల్ల మీద కునుకు తీస్తున్న గుమాస్తా ఉలిక్కిపడి లేచి కూర్చుంటాడు.

ఇది పుట్టుకతో వచ్చిన అలవాటు కాదు. పెద్దాయన దగ్గర అంటుకుంది. పెద్దాయనంటే పిన్ని జూనియరుగా చేరిన లాయరు. పొలాల వ్యవహారాల్లో ఆయన్ని మించినవాడు లేడని పేరు. ఆయన దగ్గర ఒకటే కట్టుబాటు. ఏ కాగితమైనా, దానివల్ల ఎవరు పోగొట్టుకుంటారో ముందు వాళ్ళకి చదివి వినిపించాలి. వాళ్ళు తల ఊపితే చాలదు, ఏం అర్థమైందో అడగాలి. ఆ తర్వాతే సంతకం. కొత్తలో పిన్ని ఒక కౌలు ఒప్పందం చదువుతూ, రైతుకు నష్టం కలిగే షరతు దగ్గర మొహమాటపడి గొంతు తగ్గించిందట. పెద్దాయన కళ్ళద్దాల పైనుంచి చూసి, "నాకు వినపడలేదమ్మాయ్. మళ్ళీ చదువు. అవతలివాడికి గట్టిగా వినపడాల్సింది అదే" అన్నాడట. ఈ కథ మా ఇంట్లో గోడలకి కూడా కంఠతా వచ్చు.

అలాంటి పెద్దాయన మీద ఫిర్యాదు వచ్చింది. వచ్చింది ఎక్కడికయ్యా అంటే, తప్పు చేసిన లాయర్లను విచారించే క్రమశిక్షణ సంఘానికి. ఆ ఏడాది దానికి అధ్యక్షురాలు మా పిన్ని. అక్కడ టైపిస్టును నేను. ఆవిడకంటే ముందే నేను చేరాను కాబట్టి ఎవరి సిఫారసుతో ఎవరొచ్చారన్నది మాలో మాకు ఇంకా తేలలేదు.

ఫిర్యాదు చేసిందొక రైతమ్మ. తన పొలంలో దిగువ సగం పక్క చేను ఆసామికి అమ్మింది. బావి ఆ సగంలో ఉంది. బావి మాత్రం ఇద్దరిదీ అని రాయించమని పెద్దాయనకు నోటితో చెప్పానంటుంది. కొన్నవాడికీ లాయరు పెద్దాయనే. ఇద్దరూ మనవాళ్ళేగా, ఇంకో లాయరెందుకని రెండు పక్షాలూ తనే నెత్తికెత్తుకున్నాడు. కొన్నవాడు రాయించుకొచ్చిన దస్తావేజును అలాగే ఉంచి, "మన అక్కేగా" అని చదివి వినిపించకుండానే సంతకం పెట్టించాడు. అందులో బావి మొత్తం కొన్నవాడిదని ఉంది. ఇప్పుడు మోటారు గదికి తాళం పడింది, ఎగువ చేను బీడు పడుతోంది. ఊరూ పేరూ తెలియనివాళ్ళందరికీ ఓపిగ్గా చదివిన మనిషి, అక్కా అని పిలిచిన ఆవిడకే చదవలేదు. నాకు ఒళ్ళు మండింది అక్కడే.

విచారణ గదిలో పొడుగాటి బల్ల ఒకటి ఉంది. దాని పొట్టి కాలు కింద ఎవరో అట్టముక్క మడిచి పెట్టారు. కిటికీ తీస్తే సైకిళ్ళ స్టాండు కనిపిస్తుంది. మొదటి రోజే పిన్ని లేచి నిలబడి, "ఈయన దగ్గరే నేను పని నేర్చుకున్నాను. మీలో ఎవరు వద్దన్నా తప్పుకుంటాను" అంది.

రైతమ్మ చీర కొంగు సర్దుకుంది. "ఎందుకు తల్లీ తప్పుకోవడం? ఆయన దగ్గర నేర్చుకున్నావంటే ఆయన ఏం చెయ్యాల్సిందో నీకే బాగా తెలుసు."

"నాకూ అభ్యంతరం లేదు" అన్నాడు పెద్దాయన, కాస్త ధీమాగానే.

రెండు పక్షాలకీ తనే పని చేశానని, చదివి వినిపించలేదని ఆయన దాచకుండా ఒప్పుకున్నాడు. "మరి బావి సంగతి ఆవిడ మీతో చెప్పిందా సార్?" అని పిన్ని అడిగేసరికి మాత్రం నీళ్ళు నమిలాడు.

"గుర్తు లేదమ్మా."

నేను టైపు చేశాను కానీ నా వేళ్ళు నమ్మలేదు. ఎవరి గట్టు ఎక్కడ ఒంకర తిరిగిందో, ఏ తాత ఏ మనవడికి ఏ పొలం చెక్క ఇచ్చాడో నిద్రలో లేపి అడిగినా చెప్పగల మనిషి ఆయన. బావిని తిరిగి ఇప్పించే అధికారం మా సంఘానికి లేదు. దాని దావా వేరే కోర్టులో నడుస్తోంది. అక్కడ ఈయన అవునంటే రైతమ్మకు నీళ్ళొస్తాయి, ఈయన ఇన్నాళ్ళ పేరు మట్టిలో కలుస్తుంది.

తీర్పు రాయాల్సిన వారమంతా పిన్ని ఇంట్లో ఒక్క కాగితం కూడా పైకి చదవలేదు. నాకు భయమేసింది.

"మందలించి వదిలెయ్యకూడదా పిన్నీ? ఈ వయసులో ఏడాది ప్రాక్టీసు ఆపేస్తే ఆయన మళ్ళీ కోటు వేసుకుంటాడా?" అన్నాను.

"వదిలేస్తే ఆయన నాకు నేర్పిందంతా ఉత్తదైపోతుందే" అంది పిన్ని. నేను పక్కగదిలోకి వెళ్ళి ఆవిడ కోసం కాసేపు ఏడ్చాను.

మా దగ్గర తీర్పు కాపీ గుమాస్తా చేతికిస్తే ఆయన ఇరుపక్షాలకీ పంచేస్తాడు. ఆ రోజు పిన్ని కాపీలు తన దగ్గరే పెట్టుకుని, నిలబడి చదవడం మొదలుపెట్టింది. గుమాస్తా చెవులు గింగురుమన్నాయి. రెండు పక్షాలకు పని చేయడం తప్పన్న చోట గొంతు వణకలేదు. చదివి వినిపించకపోవడం అంతకంటే పెద్ద తప్పన్న చోట కూడా వణకలేదు. "కాబట్టి ఏడాది పాటు" అన్న చోటికొచ్చాక గొంతు తగ్గిపోయింది. మిగతాది పెదవులు కదిలాయంతే.

పెద్దాయన కళ్ళద్దాల పైనుంచి చూశాడు. "నాకు వినపడలేదమ్మాయ్. మళ్ళీ చదువు."

పిన్ని నీళ్ళు తాగి మళ్ళీ చదివింది. ఏడాది పాటు ఆయన ఏ కోర్టులోనూ వకాల్తా పుచ్చుకోకూడదని సైకిళ్ళ స్టాండు దాకా వినిపించింది.

పెద్దాయన తల ఊపి, రైతమ్మ వైపు తిరిగాడు. "ఏం అర్థమైంది అక్కా?"

"నీకు శిక్ష పడిందని అర్థమైంది లాయరు బాబూ. దాంతో నా చేను తడవదని కూడా అర్థమైంది."

ఆయన చూపు బల్ల కింద అట్టముక్క మీద పడింది. నాకు ఆయన మీద కోపం పోయి జాలి పట్టుకుంది. తర్వాత మెల్లగా అన్నాడు.

"నువ్వు చెప్పావక్కా. మా వాకిట్లో నిలబడి, బావి ఇద్దరిదీ అని రాయించమన్నావు. నాకు గుర్తుంది. కోర్టుకొచ్చి అదే చెబుతాను." పిన్ని వైపు చూశాడు. "రాయించమ్మా, సంతకం పెడతాను."

పిన్ని చెబుతుంటే నేను టైపు చేశాను. అక్షరాలు సరిగ్గా కనిపించలేదు, అయినా చేశాను. కాగితం ఆయన ముందుకెళ్ళింది. ఆయన కలం మూత తీసి చెయ్యి చాచేలోగా పిన్ని ఆ కాగితాన్ని వెనక్కి లాక్కుంది.

"ఆగండి సార్, ముందు వినండి" అని, ఆయనకు మొత్తం చదివి వినిపించింది.