టీచరుగారి పియానోకు తెల్ల జిగురు

నాకు సంగీతం రాదు. రాకపోయినా అమీర్‌పేటలో మా ముందుగదిలో ఒక పియానో ఉండేది. తనంతట తాను వాయించుకునే పాతకాలపు పియానో. కింద పెడళ్లు తొక్కితే లోపలి తిత్తులు గాలి పీలుస్తాయి, పైన చిల్లుల కాగితం చుట్ట తిరుగుతుంది, ఏ చిల్లు వస్తే ఆ మెట్టు దానంతటదే దిగుతుంది. కొత్తగా చూసినవాళ్లు దయ్యం వాయిస్తోందా అనేవాళ్లు.

దాన్ని నాకిచ్చింది స్కూల్లో నాకు ఇంగ్లీషు చెప్పిన టీచరుగారు. భర్త పోయాక పంజాగుట్టలో ఆవిడ ఇల్లు అపార్ట్‌మెంటువాళ్ల చేతికి వెళ్లింది, ఆవిడ యూసుఫ్‌గూడలో ఒంటిగదికి మారారు. అక్కడ పియానో పట్టదు. చిన్నప్పటినుంచీ దాని చుట్టూ తిరిగేవాణ్ణని నాకిచ్చేశారు. రెండే మాటలు తీసుకున్నారు. ఆదివారం చర్చి అయ్యాక వచ్చి వింటానన్నారు. ఎప్పుడు విప్పి బాగుచేసినా సరేసు తప్ప వేరే జిగురు వాడొద్దన్నారు.

సరేసంటే తోళ్లు, ఎముకలు ఉడికించి తీసే జిగురు. రాత్రంతా నానబెట్టి, నీళ్లగిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించాలి. తర్వాత ఎప్పుడు వేడి తగిలించినా మర్యాదగా ఊడివస్తుంది.

ఆవిడ వినడానికి వచ్చేది ఒకే చుట్ట కోసం. ఆవిడ భర్త ఎర్రమంజిల్‌లో ఒక ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా ఉండేవారు. పెళ్లయిన కొత్తలో సొంతంగా పాట కట్టి, బ్లేడుతో చిల్లులు కోసి ఆ చుట్ట చేశారట. నడుమ ఒక చిల్లు పక్కకు పడింది. అక్కడికి రాగానే అపస్వరం పలికేది, ఆవిడ నవ్వేవారు. "అది కోసేటప్పుడు ఆయన నన్ను చూస్తున్నారు" అనేవారు, ప్రతి ఆదివారం, కొత్తగా చెబుతున్నట్టే.

రెండో వానాకాలానికి తిత్తుల గుడ్డ పిగిలింది. అప్పుడు నేను కోచింగ్ సెంటర్లో జావా చెప్పేవాణ్ణి, పొద్దున ఆరింటి బ్యాచ్ నుంచి రాత్రి తొమ్మిదింటి బ్యాచ్ దాకా. ఊరంతా సాఫ్ట్‌వేర్ మీద పడిన రోజులు, నేను మహా తీరికలేని పెద్దమనిషిని. మా ఇంట్లో కోడిగుడ్డు కూడా ఉడకదు. సరేసు మాట ఎత్తగానే అమ్మ ముక్కు మూసుకుంది. వంటింట్లో కుదరదు, డాబా మీద వండుకో అని పాత గిన్నె ఒకటి తీసిచ్చింది. మూడు ఆదివారాలు గడిచాయి. నేను గిన్నె ముట్టుకోలేదు. వడ్రంగులు వాడే తెల్ల జిగురు డబ్బా కొనుక్కొచ్చి, మెట్టుకొకటి చొప్పున ఉన్న ఎనభై ఎనిమిది చిన్న తిత్తులకూ కొత్త గుడ్డ అంటించేశాను. వాసన లేదు, పొయ్యి లేదు, హాయిగా ఉంది.

సరేసే కదా బాబూ అని టీచరుగారు అడిగారు. మీరు చెప్పాక వేరేది వాడతానా అండీ అన్నాను. ఛీ, ఏం నోరు నాది!

ఏడాది తిరక్కుండానే అతుకుల అంచులు అక్కడక్కడ జారి గాలి పోవడం మొదలైంది. స్వరాలు ఒక్కొక్కటే మూగబోయాయి. ఒక ఆదివారం పాటలో ఆ చోటు వచ్చింది, పోయింది. నవ్వబోయిన టీచరుగారు ఆగిపోయారు.

"ఆయన తప్పు పలకలేదే" అన్నారు.

ఆవిడే సికింద్రాబాద్ నుంచి పియానోలు బాగుచేసే మనిషిని వెంటబెట్టుకొచ్చారు. అతను కత్తి వేడిచేసి ఒక తిత్తి అతుకులో దూర్చాడు. కదల్లేదు. కాస్త బలం పెట్టగానే గుడ్డ కిందున్న తిత్తి చెక్క చీలింది. రెండోదీ అంతే. మూడోదీ అంతే.

"గిది తెల్ల గమ్ము అన్నా. ఇంక ఊడదు. ఎవడు పెట్టిండో గానీ మొత్తం ఖరాబ్ చేసిండు" అన్నాడు.

టీచరుగారు నా వైపు చూశారు. తేలుకుట్టిన దొంగలా ఊరుకున్నా సరిపోయేది. ఊరుకోలేదు. మా అమ్మ సరేసు ఇంట్లోకి రానివ్వలేదండీ అనేశాను. అమ్మ కాఫీ గ్లాసులతో గుమ్మంలోనే నిలబడి ఉంది. డాబా మీద వండుకోమన్నానని అనలేదు. గిన్నె ఇచ్చానని అనలేదు. గ్లాసులు బల్లమీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

టీచరుగారు చుట్ట తీసి, రబ్బరుబ్యాండు వేసి, సంచిలో పెట్టుకున్నారు. తిట్టినా బాగుండేది.

"ఒక్కమాట చెబితే నా గదిలో స్టవ్ మీద నేనే వండి తెచ్చేదాన్ని కదా బాబూ" అన్నారు.

తర్వాతి ఆదివారం అమ్మ ఎప్పటిలాగే మూడు గ్లాసులు పెట్టింది. ఆవిడ రాలేదు. మళ్లీ ఎప్పుడూ రాలేదు.