సైటుకి పెట్టిన బొట్టు

ఎడ్మంటన్ బయట ఉన్న షూటింగ్ క్లబ్బుకి మొదట్లో ఫ్లాస్కులో టీ మోయడానికే వెళ్ళాను. ఉద్యోగం నుంచి రిటైరయ్యాక మా ఆయన పట్టుకున్న సరదా అది. చలికాలం వచ్చేసరికి ఆయన కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నారు, నేను కాలుస్తున్నాను. ఎలా తారుమారైందో ఇప్పటికీ ఇద్దరికీ తెలియదు.

లైసెన్సు తెచ్చుకుని నేను కొనుక్కున్న తుపాకీ ఒక్క గుండు పట్టేది. ఒకటి పెట్టి, కాల్చి, తెరిచి, మళ్ళీ ఇంకోటి పెట్టాలి. పెనం మీంచి ఒక్కో దోసె తీసి వడ్డించినట్టు ఉంటుంది. నా చేతికి బాగా అలవాటైన పని.

ఆ ఏడు క్లబ్బులో పాతకాలపు పోటీ పెట్టారు. దుర్భిణి ఉండకూడదు, గురి చూడడానికి తుపాకీకి బిగించే పాత రకం సైటే ఉండాలి. కాల్చే లైను మీద కూర్చున్నాక పక్కనుంచి ఎవరూ ఒక్క మాట చెప్పకూడదు. అక్కడే వచ్చింది నాకు చిక్కు. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. తెలుగు మా ఆయన దగ్గర, ఇంగ్లీషు లైబ్రరీలో. పాల డబ్బా మీది రాతలు కూడా వదలకుండా చదువుతాను. కానీ తుపాకీ దగ్గర అంకెలు చదివి చెప్పేది మాత్రం అప్పటిదాకా ఆయనే. సైటు మీది అంకె నేనే చదవలేకపోతే పోటీ లేదు.

సైటు కొనడానికి దుకాణానికి వెళ్ళాం. అక్కడి పెద్దాయన నల్లగుడ్డ పరిచి మూడు సైట్లు పెట్టాడు. తుపాకీ వెనక, బొటనవేలు ఆనే చోట ఇనుప తోక ఒకటి ఉంటుంది, దాని మీద బిగిస్తారు వీటిని. వేలితో లేపితే నిలబడే పట్టీ, ఆ పట్టీ మీద గుండ్రటి బిళ్ళ, బిళ్ళ మధ్యలో సన్న రంధ్రం. అందులోంచే చూడాలి. గురి దూరమైతే మర తిప్పి బిళ్ళని పైకి జరపాలి.

అన్నిటికన్నా పొడుగుదాని మీద మనసు పడింది నాకు. చిన్నప్పుడు సవరం మీద పడ్డట్టే.

"అది వెయ్యి గజాల దూరానికి, మేడమ్. మీ క్లబ్బులో ఎంత దూరం?" అన్నాడు పెద్దాయన.

"మూడు వందల మీటర్లు."

"అయితే ఈ పొట్టిది చాలు. పొడుగుది ఊరికే తగిలి వంగుతుంది."

మా ఆయన మూడోది చేతిలోకి తీసుకున్నారు. "ఇది తీసుకో. తిప్పితే టిక్కు టిక్కుమంటుంది. గీతలు చూసే పనే లేదు, చెవితో లెక్కపెట్టుకోవచ్చు."

"పొట్టిదాని మీద గీతలు బాగున్నాయండీ."

"అవి వెంట్రుకల్లా ఉన్నాయే! నేను చదివి చెప్పేవాణ్ణి, పోటీలో చెప్పనివ్వరుగా."

"అందుకే మరి. నేనే చదువుతాను."

పెద్దాయన భూతద్దం ఇచ్చాడు. పెద్ద గీతల పక్కన చిన్న గీతల వరస ఇంకొకటి ఉంది. రెండు వరసల్లో ఏ గీత ఏ గీతతో కలిసి ఒక్కటిగా కనిపిస్తుందో చూసి అంకె చెప్పాలి. జాకెట్టు కుట్టేటప్పుడు చేతి అంచు గీతని ఒంటి అంచు గీతతో కలపడం నాకు కొత్తా? చూసి అంకె చెప్పాను. పెద్దాయన చూసి తలూపాడు. బిళ్ళని జరిపి మళ్ళీ అడిగాడు. మళ్ళీ చెప్పాను. మూడోసారి అడగకముందే, "ఇంకోటి పెట్టండి, ఇంకోటి!" అని గంతేశాను. బల్ల మీది గుడ్డ జారి కింద పడింది.

పొట్టిదే కొన్నాం. రోజూ వంటింటి కిటికీ దగ్గర గీతలు చదివేదాన్ని. కూర మాడినా మా ఆయన ఏమనలేదు.

పోటీ రోజు పొద్దున, కొత్త వస్తువు కదా అని దేవుడి దగ్గర పెట్టాను. బొట్టు ఆయనే పెట్టారు. నుదురులా గుండ్రంగా ఉందని బిళ్ళకి సరిగ్గా నడిమధ్య తడి కుంకుమ అద్దారు. నేను కూడా మురిసిపోయి చూశాను తప్ప, అక్కడ రంధ్రం ఉందని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు!

లైను మీద అందరూ మోకాళ్ళు పట్టుకుని మూలుగుతూ కూర్చుంటున్నారు. నేను భోజనానికి కూర్చున్నట్టు చటుక్కున కూర్చున్నాను. సైటు లేపి కన్ను పెట్టాను. చీకటి. కన్ను మార్చాను. అదీ చీకటే. తల తిప్పితే, చూసేవాళ్ళని ఆపడానికి కట్టిన తాడు వెనక మా ఆయన రెండు చేతులతో నోరు మూసుకుని ఉన్నారు. ఆయనకి అప్పుడే గుర్తొచ్చింది. చెప్పడానికి లేదు.

ఆ మొహం చూడగానే నాకూ అర్థమైంది. ఇంకా గుండు పెట్టని తుపాకీని ఒళ్ళో పెట్టుకుని, గాజుకి వేలాడే పిన్నీసు తీసి రంధ్రంలో తిప్పాను. ఎండిన కుంకుమ పొడిపొడిగా రాలింది. నవ్వాపుకోలేక పొట్ట అదురుతోంది. ఊపిరి బిగపట్టి మొదటిది కాల్చాను. గురిగా పెట్టిన ఇనుప పళ్ళేనికి ముందే నేల మీద దుమ్ము లేచింది. గురి కిందికి పోయింది.

కళ్ళజోడు పెట్టుకున్నాను. మర కొంచెం తిప్పి చూశాను. రెండు గీతలూ ఇంకా కలవలేదు. ఇంకొంచెం తిప్పాను. కలిశాయి. అంకెని పెదవులు కదపకుండా చదువుకున్నాను. కళ్ళజోడు తీసి, తలుపు గడియ వేసినంత నెమ్మదిగా గుండు పెట్టి మూశాను.

కాల్చాక కాసేపు ఏమీ లేదు. తర్వాత దూరం నుంచి, ఆలస్యంగా, ఠంగున మోగింది.

ఎవరు గెలిచారో నాకు సరిగ్గా గుర్తులేదు, నేనైతే కాదు. తాడు దాటి పరుగెత్తుకొచ్చాను. మా ఆయన నా మొహం చూసి పగలబడి నవ్వారు. సైటుకి పెట్టిన బొట్టు నా కనురెప్పకి అంటుకుంది.

"ఇంతకీ ఎంత మీద పెట్టావే?"

"చెప్పను పొండి," అన్నాను. "నా అంకె అది."